ప్లానార్ హెడ్‌ఫోన్ సౌండ్ ఇంట్లోనే మెరుగుపరుచుకోవడం ఎలా? ప్యాడ్ నుంచి దూది దాకా

"ప్లానార్ కొన్నాం, విప్పి లోపల దూది పెడితే బాగుంటుందట, ఎంత పెట్టాలి?" అని అడిగేవాళ్లు బాగా ఎక్కువయ్యారు. విజయనగరం, శ్రీకాకుళం కుర్రాళ్లే కాదు, హైదరాబాదు వెళ్లి ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్లు కూడా అదే అడుగుతున్నారు. ప్లానార్ అంటే కోన్‌కి బదులు చదునైన పల్చటి పొర కదిలి శబ్దం చేసే హెడ్‌ఫోన్. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు పనంతా వరసగా ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక మాట. దూది పెట్టడం చివర్లో వచ్చే పని. సౌండ్‌లో కనిపించే లోటు చాలాసార్లు ప్యాడ్ దగ్గర, గాలి కారే సందుల దగ్గర ఉంటుంది. దాన్ని వదిలేసి కప్పు నిండా దూది కుక్కితే ఉన్న బాస్ కూడా పోతుంది. అందుకే కింద చెప్పిన వరస తప్పకండి. ఒకసారి ఒక్క మార్పే చేయండి, విన్నాకే తర్వాతదానికి వెళ్లండి.

ఇక్కడ ఉదాహరణగా ఫోస్టెక్స్ టీ50ఆర్‌పీ మార్క్ 3 తీసుకున్నాను. దీన్ని విప్పడం తేలిక, స్క్రూలతో బిగించి ఉంటుంది, మార్పులు చేసేవాళ్లకి చాలా ఏళ్లుగా ఇదే బడి. మిస్టర్‌స్పీకర్స్ అనే కంపెనీ వాళ్ల మ్యాడ్ డాగ్ హెడ్‌ఫోన్ ఈ టీ50ఆర్‌పీ పాత రకాన్ని సవరించి అమ్మినదే. జడ్‌ఎంఎఫ్ కంపెనీ కూడా ఇలాంటి సవరణలతోనే మొదలైంది. హైఫైమ్యాన్ హెచ్‌ఈ400ఎస్‌ఈ, సుందర లాంటి వెనక తెరిచి ఉండే రకాలకి ఇందులో సగం పనులే వర్తిస్తాయి. వాటి సంగతి చివర్లో చెప్తాను.

థియరీ ఇంతే: రెండు అయస్కాంతాల వరసల మధ్య చాలా పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. దాని మీద సన్నటి లోహపు గీతలు. ఇవన్నీ కలిపితే డ్రైవర్. కరెంటు వెళ్తే పొర మొత్తం ఒకేసారి ముందుకీ వెనక్కీ కదులుతుంది. ముందుకి వచ్చే శబ్దం మీ చెవికి, వెనక్కి వెళ్లేది కప్పులోకి. ఆ వెనక శబ్దం కప్పు గోడలకి తగిలి తిరిగొచ్చి పాటని పాడుచేయకుండా చూడడమే మనం చేసే పనిలో ముఖ్యభాగం.

విప్పకముందు ఆలోచించుకోవాల్సినవి

విప్పితే వారంటీ పోవచ్చు. వారంటీలో ఉన్న హెడ్‌ఫోన్ అయితే రెండో మెట్టు దాకా చేసి ఆగండి. అక్కడిదాకా ఏ స్క్రూ ముట్టుకోనక్కర్లేదు.

ఇనప రజను దగ్గరికి రానివ్వకండి. ప్లానార్ అయస్కాంతాలు బలమైనవి. బల్ల మీద రంపం పొడో, స్టీలు పీచు ముక్కో, చిన్న స్క్రూవో ఉంటే ఎగిరి డ్రైవర్‌కి అతుక్కుంటుంది. సందులోంచి పొర దాకా వెళ్లిందా, ఇక దాన్ని తీయడం దాదాపు అసాధ్యం. పని మొదలెట్టే ముందు బల్లని తడిగుడ్డతో తుడిచి, పైన శుభ్రమైన తెల్లగుడ్డ పరవండి. స్క్రూడ్రైవర్ కొన కూడా డ్రైవర్ వైపు లాగేస్తుంది, పిడికిలి బిగించి పట్టుకోండి.

డ్రైవర్ మీద నోటితో ఊదకండి. వాక్యూమ్ పెట్టకండి. వేలితో తాకకండి.

ఫ్యాన్ ఆపేయండి. మన ఉక్కపోతలో కష్టమే, అందుకే పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు పెట్టుకోండి. ఫ్యాన్ గాలికి దూది నూగు ఎగిరి ఎక్కడ పడుతుందో చెప్పలేం.

కావలసినవి

ప్లస్ స్క్రూడ్రైవర్, మొన బాగా సరిపోయేది. వదులుగా ఉంటే స్క్రూ తల అరిగిపోతుంది.

బ్లూటాక్, కాగితాలు గోడకి అంటించే మెత్తటి ముద్ద, స్టేషనరీ షాపుల్లో దొరుకుతుంది. పిల్లల మోడలింగ్ క్లే వద్దు. నూనెతో చేసిన రకమైతే మే నెల ఎండకి నూనె కారుతుంది.

కారు డోర్లకి లోపల అంటించే బ్యూటైల్ షీటు చిన్న ముక్క. కార్ డెకార్ షాపులో అడిగితే మిగులు ముక్కలు ఇస్తారు. తారు షీటు ఇస్తామంటే తీసుకోకండి, వాసన వస్తుంది, వేడికి మెత్తబడుతుంది.

రెండు మిల్లీమీటర్ల ఫెల్ట్ షీటు. విజయనగరంలో గంటస్తంభం చుట్టుపక్కల, శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి వైపు ఫ్యాన్సీ, స్టేషనరీ షాపుల్లో వెతకండి. పిల్లల క్రాఫ్ట్ పనులకి అమ్మేదే చాలు.

మెడికల్ షాపులో మైక్రోపోర్ టేపు, ఒక అంగుళం వెడల్పుది.

గ్రాములో వందో వంతు చూపించే చిన్న తూకం. ఇది లేకుండా దూది పనికి దిగకండి.

ఇక దూది. ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. అందరూ మెడికల్ షాపు దూది తెచ్చేస్తారు. ఆ దూదికి సహజంగా ఉండే మైనాన్ని తీసేసి తెల్లగా చేస్తారు, తడి పీల్చుకోవడమే దాని పని. మన తీరప్రాంతపు వానాకాలంలో అది గాలిలో తేమ పీల్చుకుని ముద్దవుతుంది. మైనం పోని మామూలు పత్తి తేమకి అంత తొందరగా లొంగదు. పరుపులు కుట్టేవాళ్ల దగ్గర ఏకిన దూది గుప్పెడు అడగండి. పొందూరు వైపు వెళ్లే పని ఉంటే ఇంకా మంచిది. అక్కడ ఇప్పటికీ వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి శుభ్రం చేస్తారు. అలా దువ్విన దూదిలో గింజ ముక్క, ఆకు పొడి కనిపించవు. పీచు ఒకే వైపు సాపుగా ఉంటుంది, చేత్తో విడదీస్తే సమానంగా విచ్చుకుంటుంది. ఎక్కడి దూది తెచ్చినా ముందు వెలుతురుకి పెట్టి నలకలన్నీ ఏరేయండి.

బూరుగు దూది మాత్రం వద్దు. దిండుకి హాయిగా ఉంటుంది గానీ పీచు చాలా పొట్టిది, నునుపైనది, ముట్టుకుంటే ఎగురుతుంది.

దూదిని కట్టడానికి పల్చటి నూలు గుడ్డ ముక్కలు రెండు. పాత ఖద్దరు పంచె చివర చించినా చాలు, ఉతికి ఆరేసినదై ఉండాలి.

1. ముందు విని రాసుకోండి

మార్పుకి ముందు సౌండ్ ఎలా ఉందో కాగితం మీద లేకపోతే, తర్వాత బాగుపడిందో పాడైందో చెప్పలేరు. మీకు కంఠస్థమైన నాలుగు పాటలు తీసుకోండి. నేనైతే ఇలా ఎంచుకుంటాను: బాస్‌కి తప్పెటగుళ్ళ రికార్డింగు ఒకటి, తీగ మోగి ఆరిపోయే తీరు వినడానికి వీణ ఒకటి, సకారాలు గుచ్చుకుంటున్నాయో లేదో చూడడానికి సుశీల పాట ఒకటి, మధ్య స్థాయికి ఘంటసాల పాత పాట ఒకటి. ఒక్కోదానికీ ఒక్కో వాక్యం రాయండి. "తప్పెట దెబ్బ తర్వాత బుడబుడమని సాగుతోంది", "గొంతు డబ్బాలోంచి వస్తున్నట్టు ఉంది" అన్నట్టు మామూలు మాటల్లో రాస్తే చాలు.

తర్వాత ఈక్వలైజర్ (ఏ స్థాయి శబ్దాన్ని ఎంత పెంచాలో తగ్గించాలో చూసే సాఫ్ట్‌వేర్) పెట్టి చూడండి. విండోస్ కంప్యూటర్‌లో ఈక్వలైజర్ ఏపీఓ, ఆండ్రాయిడ్ ఫోన్‌లో వేవ్‌లెట్ ఉచితంగానే దొరుకుతాయి. 100 నుంచి 200 హెర్ట్జ్ దగ్గర మూడు డెసిబెల్స్ తగ్గించి వినండి. దాన్ని మళ్లీ సున్నాకి తెచ్చి 500 నుంచి 1000 దగ్గర తగ్గించి వినండి. ఆ తర్వాత 5000 నుంచి 8000 దగ్గర. ఎక్కడ తగ్గిస్తే హాయిగా అనిపించిందో అదే మీ హెడ్‌ఫోన్ జబ్బు. మొదటిదైతే వెంట్ (కప్పు పక్కన గాలి ఆడే సందు), రెండోదైతే దూది, మూడోదైతే ప్యాడ్, ఫెల్ట్ చూడాలి. ఈక్వలైజర్‌తోనే తృప్తిగా ఉంటే విప్పకుండా ఆగిపోండి, తప్పేం లేదు.

"ఫోన్‌కి పెడితే సౌండే చాలట్లేదు" అనేవాళ్లకి: అది దూదితో తీరే సమస్య కాదు. ఈ మోడల్ 50 ఓమ్‌లు, ఒక మిల్లీవాట్‌కి 92 డెసిబెల్స్. ఫోన్‌కి తగిలించే చిన్న డాంగిల్ ఒక వోల్టు ఇస్తే దీనికి 20 మిల్లీవాట్లు అందిస్తుంది, అంటే గరిష్ఠంగా 105 డెసిబెల్స్. వినడానికి ఎక్కువే అనిపిస్తుంది గానీ, తక్కువ స్థాయిలో రికార్డు చేసిన సంగీతంలో ఉన్నట్టుండి వచ్చే పెద్ద దెబ్బలకి చాలదు. చిన్న యాంప్లిఫయర్ కావాలి.

2. ప్యాడ్, సీల్

ఈ ఒక్క మెట్టులోనే చాలామందికి పని అయిపోతుంది. వెనక దాదాపు మూసి ఉండే ఇలాంటి ప్లానార్‌లో ప్యాడ్ చుట్టూ గాలి కారితే లోతు బాస్ ఉండదు.

పరీక్ష సులువు. 40 హెర్ట్జ్ స్వరం తక్కువ వాల్యూమ్‌లో పెట్టండి. హెడ్‌ఫోన్ తలకి పెట్టుకుని కప్పుల్ని రెండు చేతులతో నెమ్మదిగా లోపలికి అదమండి. సౌండ్ బాగా పెరిగిందా? అయితే సీల్ లేనట్టే. దవడ కింద, చెవి వెనక గుంట దగ్గర వేలు పెట్టి ఒక్కో చోటే నొక్కితే ఎక్కడ కారుతోందో తెలుస్తుంది. కళ్లజోడు ఉన్నవాళ్లకి దాని కాడ దగ్గరే కారుతుంది. జోడు తీసి ఒకసారి, పెట్టి ఒకసారి వినండి.

మందంగా, లోతుగా, వెనకవైపు ఎత్తుగా ఉండే తోలు లేదా రెక్సిన్ ప్యాడ్లు వేస్తే సీల్ కుదురుతుంది, చెవి డ్రైవర్‌కి తగలదు, ట్రెబుల్ (పై స్థాయి శబ్దం) కూడా కాస్త నెమ్మదిస్తుంది. వెల్వెట్ ప్యాడ్లు మన వేడికి సుఖమే గానీ గాలి వదులుతాయి, బాస్ తగ్గుతుంది. బాస్ ఎక్కువైందని బాధపడేవాళ్లు మాత్రమే వాటికి వెళ్లండి.

కొత్త ప్యాడ్ వేసేటప్పుడు దాని అంచు బట్టని బాఫిల్ (డ్రైవర్ బిగించి ఉండే పలక) గాడిలోకి చుట్టూ ఎక్కించాలి. ఒకవైపు ఎక్కించి రెండోవైపు గట్టిగా లాగితే చిరుగుతుంది. పాత ప్లాస్టిక్ కార్డు ముక్కతో కొంచెం కొంచెంగా తోసుకుంటూ రండి. మధ్యలో అరచేతిని ప్యాడ్ మీద మూతలా పెట్టి అదమకండి. లోపలి గాలి నొక్కుకుని పొర టక్కుమంటుంది. అలా పదే పదే జరిగితే పొర ముడతపడుతుంది.

తలకి నూనె రాసుకునే అలవాటు ఉంటే నూనె ఆరిపోయాకే హెడ్‌ఫోన్ పెట్టుకోండి. నూనె తగిలిన రెక్సిన్ పొలుసులు పొలుసులుగా ఊడుతుంది, దాంతో సీల్ కూడా పోతుంది.

3. కప్పు విప్పడం

ప్యాడ్ తీస్తే బాఫిల్ మీద నాలుగు స్క్రూలు కనిపిస్తాయి. ఎదురెదురు మూలలు వరసగా వదులు చేయండి. ఒకే మూల పూర్తిగా తీసేస్తే బాఫిల్ వంకర తిరుగుతుంది. తీసిన స్క్రూలని డ్రైవర్‌కి దూరంగా స్టీలు గిన్నెలో వేయండి.

బాఫిల్‌ని ఒకేసారి పైకి లాగకండి. లోపల సన్నటి వైర్లు ఉంటాయి. కొంచెం ఎత్తి, వైర్లు ఎటు వెళ్తున్నాయో చూసి, పక్కకి తిప్పి గుడ్డ మీద ఆనించండి. ఎడమ కప్పులో జాక్ ఉంటుంది, అక్కడ వైర్లు ఎక్కువ, చోటు తక్కువ. ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి. డ్రైవర్ వెనక కంపెనీ అంటించిన తెల్లటి పొరని పీకకండి. డ్రైవర్ లోపలి పొర కదలికని అదుపులో ఉంచేది అదే.

మొదట కుడివైపు కప్పు ఒక్కటే విప్పండి. ఎడమది అలాగే ఉంచితే మార్పుకి ముందూ తర్వాతా ఎలా ఉందో పక్కపక్కనే పోల్చుకోవచ్చు. ఇంతకంటే మంచి పోలిక ఇంట్లో దొరకదు.

4. గాలి సందులు మూయడం

డ్రైవర్ అంచు బాఫిల్‌కి కలిసేచోట, వైరు దూరేచోట, స్క్రూ గుంటల దగ్గర వెనకవైపు నుంచి చూడండి. సందు ఉంటే బ్లూటాక్‌ని దారంలా పాకించి అదమండి. డ్రైవర్ మధ్యభాగానికి దగ్గరగా వెళ్లొద్దు. సన్నటి కాగితమో ఫెల్టో అంటించి ఉన్న రంధ్రాలు కంపెనీ కావాలని పెట్టినవి, వాటిని ముట్టుకోకండి.

మూసి, ప్యాడ్ పెట్టి, 40 హెర్ట్జ్ మళ్లీ వినండి. కుడి, ఎడమల మధ్య తేడా తెలియాలి.

5. కప్పు గోడకి బరువు

ఖాళీ కప్పుని గోటితో తట్టండి. బోలుగా మోగుతుంది. పాట వచ్చినప్పుడు కూడా అది అలాగే మోగుతుంది. బ్యూటైల్ షీటుని చిన్న ముక్కలుగా కోసి లోపలి గోడకి, ముఖ్యంగా చదునుగా ఉన్నచోట అంటించండి. చెంచా వీపుతో రుద్దితే బాగా పడుతుంది. మళ్లీ గోటితో తట్టండి, చప్పుడు చచ్చిపోవాలి.

కప్పుకి 20 నుంచి 30 గ్రాములు చాలు. అంతకు మించితే మెడ నొప్పి తప్ప లాభం లేదు. షీటు మీద అల్యూమినియం రేకు ఉంటుంది, అది టంకం అతుకులకి తగిలితే షార్ట్ అవుతుంది. అతుకుల చుట్టూ ఒక సెంటీమీటరు వదిలేయండి. ఎంత బరువు అంటించారో రాసుకోండి, రెండో కప్పుకీ అంతే పెట్టాలి.

6. దూది

అర గ్రాము తూచండి. వేళ్లతో విడదీసి మేఘంలా వదులు చేసి, నూలు గుడ్డలో పల్చటి దిండులా చుట్టి నాలుగు కుట్లు వేయండి. గుడ్డ ఎందుకంటే, ఒక్క పీచు తెగి పొర దాకా వెళ్లినా ప్రతి బాస్ దెబ్బకీ గరగరమంటుంది.

దిండుని కప్పు అడుగున, డ్రైవర్ వీపుకి ఎదురుగా పరవండి. డ్రైవర్‌కి తగలకూడదు. కనీసం వేలు మందం ఖాళీ ఉండాలి. మూసి వినండి. "డబ్బాలోంచి వస్తున్న గొంతు" అన్న మాట రాసుకున్నారు కదా, అది ఎంత తగ్గిందో చూడండి. చాలకపోతే ఇంకో అర గ్రాము.

ఎక్కడ ఆగాలో చెవే చెప్తుంది. దూది సరిపోయినప్పుడు వీణ తీగ మీటిన చప్పుడు, దాని వెనక మోగుతూ సాగే నాదం రెండూ విడివిడిగా వినిపిస్తాయి. బొబ్బిలి వీణని ఒకే పనస దుంగ తొలిచి చేస్తారు, దాని నాదం నెమ్మదిగా, సమంగా ఆరుతుంది. ఆ ఆరడం మధ్యలో తెగిపోయినట్టు, గొంతు దుప్పటి కప్పుకున్నట్టు అనిపిస్తే దూది ఎక్కువైంది. అర గ్రాము వెనక్కి తీయండి. కప్పు సగం నిండిందంటే అనుమానించాల్సిందే. చివరికి నిలిచిన దిండు తూకం గుడ్డతో సహా రాసుకోండి.

7. వెంట్

కప్పు పక్కన గీతల్లా ఉన్న సందుల వెనక ఫెల్ట్ ముక్క ఉంటుంది. బాస్ ఉబ్బుగా, నెమ్మదిగా అనిపిస్తే దీన్ని సవరించాలి. లోపలివైపు మైక్రోపోర్ టేపు ఒక పొర వేసి వినండి. తర్వాత రెండు. ఈ టేపులోంచి గాలి కొద్దిగా ఆడుతుంది, అందుకే దీన్ని వాడమంటున్నాను. ప్లాస్టిక్ టేపుతో ఒకేసారి మూసేస్తే కప్పులో గాలి బిగుసుకుపోయి పొర కదలదు, లోతు బాస్ పోతుంది, హెడ్‌ఫోన్ తలకి పెట్టుకున్న ప్రతిసారీ టక్కుమంటుంది.

దూది పెట్టాక మాత్రమే వెంట్ జోలికి వెళ్లండి. రెండూ ఒకదాన్నొకటి మారుస్తాయి.

8. సకారాలు ఇంకా గుచ్చుకుంటుంటే

ప్యాడ్ లోపల, డ్రైవర్ చుట్టూ ఉన్న నున్నటి ప్లాస్టిక్ మీద ఫెల్ట్ చట్రం వేయండి. కాగితం మీద ముందు నమూనా కోసి సరిపోయిందో చూసుకుని ఫెల్ట్ కోయండి. డ్రైవర్ భాగం మొత్తం తెరిచే ఉండాలి. చిన్న రెండువైపుల టేపు ముక్కలతో అంటిస్తే చాలు, జిగురు వద్దు. జిగురు ఆవిరి పొరకి మంచిది కాదు, మళ్లీ తీయడం కూడా కుదరదు.

ఇదీ చాలకపోతే డ్రైవర్ ముందు ఒకే ఒక పొర టిష్యూ కాగితం, అంచుల్లో మాత్రమే అంటించి. టిష్యూ రెండు పొరలు కలిసి వస్తుంది, విడదీసి ఒకటే వాడండి. టేపు ప్లాస్టిక్ చట్రానికే అంటాలి, డ్రైవర్ సందుల మీద అంటకూడదు.

9. రెండో కప్పు

కుడివైపు తేలిపోయాక కాగితం చూసి ఎడమవైపు అదే బరువు, అదే దూది, అవే టేపు పొరలు. ఎడమ కప్పులో జాక్ వల్ల చోటు కొంచెం తక్కువ, అయినా దూది తూకం మార్చకండి. దిండు ఆకారం మార్చి సర్దండి. వైర్లు బాఫిల్ అంచు కింద నలగకుండా చూసి, స్క్రూలు ఎదురెదురుగా బిగించండి. స్క్రూలు దిగే మరలు ప్లాస్టిక్‌వి, ఆగగానే ఆపేయాలి.

బాగుపడిందని ఎలా తెలుసుకోవాలి

మొదటి పరీక్షకి పాత మోనో పాట చాలు. ఘంటసాల తొలినాళ్ల పాటలు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ పాత రికార్డులు మోనోలోనే ఉంటాయి. వాటిలో శబ్దం సరిగ్గా తల మధ్యలో నిలబడాలి. ఒకవైపు జరిగినట్టు ఉంటే హెడ్‌ఫోన్‌ని తిరగేసి పెట్టుకోండి. జరగడం కూడా రెండోవైపుకి మారిందా? అయితే కప్పులు సమానంగా లేవు. మారకుండా అటే ఉంటే అది మీ చెవుల తేడా. ఈ రికార్డుల్లో లోతు బాస్, పై ట్రెబుల్ ఉండవు కాబట్టి ఆ రెండింటికీ కొత్త రికార్డింగులే వాడండి.

రెండోది స్వీప్. 20 హెర్ట్జ్ నుంచి పైకి నెమ్మదిగా వెళ్లే స్వరం తక్కువ వాల్యూమ్‌లో వినండి. 30 నుంచి 80 మధ్య గరగర వస్తే పీచో, వెంట్రుకో, వదులైన స్క్రూవో ఉంది. విప్పి వెతకాలి. ఎక్కడో ఒకచోట స్వరం తల లోపల పక్కకి దూకితే అక్కడ రెండు కప్పుల మధ్య తేడా ఉన్నట్టు.

కొలత కావాలనుకుంటే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే కొలత సాఫ్ట్‌వేర్ ఉచితం. చదునైన చెక్క మీద మైకు పట్టేంత రంధ్రం చేసి, మైకు మొహం చెక్కతో సమానంగా ఉండేలా బిగించి, కప్పుని దాని మీద బోర్లించి కొలవండి. ఆ గీతని కంపెనీ గీతలతో పోల్చకండి, చెక్కకి చెవి ఉండదు. మీ కుడికీ ఎడమకీ, నిన్నటికీ ఇవాళ్టికీ మాత్రమే పోల్చండి. కప్పు పెట్టే చోటు కొద్దిగా జరిగినా ట్రెబుల్ మారిపోతుంది కాబట్టి ప్రతిసారీ తీసి పెట్టి ఐదుసార్లు కొలిచి సగటు చూడండి.

తరచూ జరిగే పొరపాట్లు

అన్నింటికంటే ఎక్కువగా జరిగేది: వాల్యూమ్ సమానం చేయకుండా పోల్చడం. దూది పెట్టాక, ఫెల్ట్ వేశాక సౌండ్ కాస్త తగ్గుతుంది. తగ్గింది కాబట్టి "పాడైంది" అనుకుని తీసేస్తారు. లేదా వాల్యూమ్ పెంచి విని "అద్భుతం" అనుకుంటారు. ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ పెట్టి, మైకుని ప్యాడ్ మధ్య ఒకేచోట ఉంచి, పింక్ నాయిస్‌తో (వాన చప్పుడులా ఉండే పరీక్ష శబ్దం) రెండుసార్లూ ఒకే అంకె వచ్చేలా వాల్యూమ్ సరిచేశాక వినండి.

ఇంకొకటి, ఒకే రోజు అన్నీ చేసేయడం. గంటసేపు ఏ సౌండ్ విన్నా చెవి దానికి అలవాటుపడిపోతుంది. రాత్రి బ్రహ్మాండంగా ఉందనిపించింది పొద్దున్నే మొద్దుగా అనిపించవచ్చు. ప్రతి మార్పు తర్వాతా ఒక రాత్రి గడవనివ్వండి.

యూట్యూబ్‌లో చూసి డ్రైవర్ మీద నేరుగా టేపులు అంటించడం, డ్రైవర్‌ని బాఫిల్ నుంచి ఊడదీయడం కూడా చేస్తున్నారు. మొదటిసారి చేసేవాళ్లు ఆ రెండూ చేయకండి. పొర దెబ్బతింటే ఇంట్లో బాగుచేసే దారి లేదు.

వెనక తెరిచి ఉండే ప్లానార్ అయితే

హెచ్‌ఈ400ఎస్‌ఈ, సుందర లాంటివాటికి దూది, బరువు, వెంట్ పనులు అవసరం లేదు. వెనక దూది పెడితే ఆ తెరిచిన సౌండే పోతుంది. మీకు పనికొచ్చేవి మూడు: ప్యాడ్ మార్పు, ప్యాడ్ లోపల ఫెల్ట్ చట్రం, వెనక జాలీ. ప్యాడ్ పాతబడి అణిగితే చెవి డ్రైవర్‌కి దగ్గరై ట్రెబుల్ గుచ్చుకుంటుంది. కొత్త ప్యాడ్లు వేస్తే సగం ఫిర్యాదులు పోతాయి. వెనక జాలీ దట్టంగా ఉందనిపిస్తే తీసి, ఇంకా తెరిపిగా ఉండే జాలీ వేసేవాళ్లున్నారు. జాలీ ఏదో ఒకటి ఉండి తీరాలి, ఇనపది మాత్రం కాకూడదు. దాని వెనక పల్చటి గుడ్డ ఉంటే దుమ్ము ఆగుతుంది. వెంట్రుకలు ఎక్కువ రాలే ఇంట్లో ఇది మరీ ముఖ్యం.

చివరిగా, భద్రపరచడం. భీమిలి, కళింగపట్నం వైపు సముద్రపు గాలి తగిలే ఇళ్లలో స్క్రూలు తుప్పు పట్టి రజను రాలుతుంది. ఆ రజను ఎక్కడికి వెళ్తుందో పైన చెప్పాను. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి హెడ్‌ఫోన్ అందులో పెట్టండి. వానాకాలం పోయాక ఒకసారి విప్పి దూది దిండు తీసి నీడలో ఆరబెట్టి, తూకం మళ్లీ చూడండి. మొదట రాసుకున్న అంకె కంటే పెరిగి ఉంటే ఇంకా తడి ఉన్నట్టే, అంకె తగ్గేదాకా ఆరనివ్వండి.